అయిదో లేన్‌లో ఎడమ చేయి

ఓష్‌కోష్, విస్కాన్సిన్
జూలై 13, ఆదివారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు

ప్రియమైన రోండా అక్కకు,

నిన్న జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాస్తున్నాను. వరుస తప్పితే నాకు అనుకూలంగా రాసుకునే ప్రమాదం ఉంది.

1. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మన అమ్మాయి మారెన్ నూరు మీటర్ల కప్ప ఈత పోటీలో అయిదో లేన్‌లో దూకింది.

2. ఆల్డెన్‌బరీ కళాశాల ఈత కోచ్ హాలొరన్ గారు ఈ నెలాఖరులోగా మారెన్ నుంచి కోరిన సమయం ఒక నిమిషం పద్నాలుగు సెకన్ల లోపు. ప్రవేశాల కార్యాలయానికి ఏటా కోచ్ ఆరు పేర్లు మాత్రమే సిఫారసు చేయగలరు. అయిదు పేర్లు అయిపోయాయి. పదిమంది దరఖాస్తు పెడితే తొమ్మిదిమందిని వెనక్కి పంపే కళాశాల అది. ఆరో పేరు విలువ ఎంతో నీకు చెప్పనవసరం లేదు. అయినా మే నెల ఉత్తరంలో నాలుగు పేజీలలో చెప్పాను.

3. నేను తెల్ల చొక్కాతో, మలుపు జడ్జిగా, నాలుగు అయిదు లేన్ల చివర నిలబడి ఉన్నాను. స్థానం మార్చమని అడగవచ్చు. అడగలేదు.

4. అంతకు ముందు వంతులో నాలుగో లేన్‌లో వచ్చిన డేల్ క్రూగర్ కూతురు ఒంటి చేత్తో గోడను తాకింది. తప్పు చూశానని చెయ్యెత్తాను. అది సరైన నిర్ణయం.

5. మొదటి యాభై మీటర్లు మారెన్ ఇంతవరకు ఎన్నడూ ఈదనంత వేగంగా ఈదింది.

6. మలుపుకు వచ్చింది. కప్ప ఈతలో రెండు చేతులూ ఒకే క్షణంలో గోడను తాకాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే ఆ ఈత చెల్లదు. ఎనిమిదేళ్ళ పిల్లలకైనా, దేశం తరఫున ఈదేవారికైనా ఇదే నియమం.

7. ఎడమ చేయి ముందు తాకింది.

8. నా కుడి చేయి పైకి లేచింది.

9. ఒక నిమిషం పదమూడు సెకన్ల డెబ్బై ఒకటి అని బోర్డు మీద వెలిగింది. నీ మరదలు జోడీ అరుస్తూ గంతులు వేసింది. మూడో గంతులో, గాలిలో ఉండగా, నన్ను చూసింది. రద్దీ రోడ్డు మీద టాక్సీని పిలుస్తున్నవాడిలా నేను చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. ఆమె కిందికి దిగిన తీరు నాకు జీవితాంతం గుర్తుంటుంది.

10. అనర్హత. సమయం చెల్లదు. ఈ నెలలో మారెన్‌కు మరొక పోటీ లేదు.

ఇంటికి ముప్పై అయిదు మైళ్ళు. ఇరవయ్యో మైలు దగ్గర జోడీ నోరు విప్పింది.

"లైల్, ఆ పూల్ చుట్టూ పద్నాలుగుమంది జడ్జీలున్నారు. మిగతా పదముగ్గురికీ కూతుళ్ళు లేరా?"

"వాళ్ళ లేన్లలో లేరు" అన్నాను.

జవాబు సరైనదే. కాని సరైన జవాబులకు మా కారులో గిరాకీ తక్కువగా ఉంది. ఇల్లు చేరాక మారెన్ తడి సంచీ గుమ్మంలో పడేసి ఒక్కటే అడిగింది.

"ఎడమదేనా నాన్నా?"

"ఎడమదే."

"సరే" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు నా వద్ద ఏడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

నీ తమ్ముడు,
లైల్ థియోడోర్ ఎంగెబ్రెట్‌సన్


హ్యూరాన్ సరస్సు మీద
జూలై 22

ఒరేయ్ లైల్,

నీ ఉత్తరం డెట్రాయిట్ నదిలో టపా పడవ నుంచి మా నౌకలోకి బకెట్‌లో పైకొచ్చింది. నేను వండిపెట్టే ఇరవై ఇద్దరు భోజనానికి కూర్చున్నప్పుడు పైకి చదివాను, తప్పయితే క్షమించు. ఇంజన్ గది పెద్దాయన గస్ మాంసం ముక్క నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు.

"సొంత కూతుర్నా?"

"సొంత కూతుర్నే."

"ఇంకో కూతురుందా మీవాడికి?"

"లేదు."

"మరి ఏ ధైర్యంతో?" అన్నాడు. వాడి ప్లేటులో పులుసు గడ్డకట్టింది గాని ముక్క నోట్లోకి పోలేదు.

నేనేమీ ఆశ్చర్యపోలేదురా. తొమ్మిదేళ్ళప్పుడు నానమ్మ పుట్టినరోజున పేకాటలో ఆవిడ ముక్క దాచిందని అందరి ముందూ లేచి నిలబడి చెప్పావు. ఆవిడ ఇంకో ఆరేళ్ళు బతికింది. నీతో మళ్ళీ ఒక్క ఆట ఆడలేదు. అప్పుడు కూడా నువ్వన్నది నిజమే. నీతో వచ్చిన చిక్కే అది.

ఇంకో మాట. సొంత అక్కకి ఉత్తరం రాస్తూ మూడు ముక్కల పేరు సంతకం పెడతావేంట్రా? నాకు ఉత్తరాలు రాసే లైల్‌లు ఇంకెంతమంది ఉన్నారు?

చివరిగా, నేను నీ అంత చదవను గాని లెక్కపెట్టడం వచ్చు. ఆరో అంశం మూడు లైన్లు. తొమ్మిదోది నవల. ఏడోది నాలుగు మాటలు. ఎందుకని?

మారెన్‌కి ముద్దులు. నీకు ఆలోచించి చెప్తాను.

రోండా


ఓష్‌కోష్
ఆగస్టు 3, ఆదివారం, ఉదయం 7 గంటల 5 నిమిషాలు

ప్రియమైన అక్కకు,

నీ ప్రశ్నకు జవాబు: ఏడో అంశం వాస్తవం కనుక చిన్నది. వాస్తవాలకు విశేషణాలు అక్కరలేదు.

ఇక జరిగినవి. నేను కోచ్ హాలొరన్ గారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మారెన్ వేగం నిజమైనదేననీ, దోషం మలుపుకు సంబంధించినదే తప్ప బలానికి సంబంధించినది కాదనీ వివరించాను. మలుపు బొమ్మను కొలతలతో గీసి జతపరిచాను. నీటికి నీలం పెన్సిల్‌తో నీడలు కూడా వేశాను. ట్రక్కుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా బ్రేకులు పరీక్షిస్తున్న నాకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. గ్రంథాలయం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఆ బొమ్మ బాగా వచ్చింది, తప్పు ఎవరికైనా కనిపించేంత బాగా. అసలు దుఃఖం అదే.

ఆమె జవాబు రెండు వాక్యాలు: "ఎంగెబ్రెట్‌సన్ గారూ, నేను ఈదించబోయేది మీ అమ్మాయిని. ఆమెను ఫోన్ చేయమనండి."

మారెన్ గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫోన్ చేసింది. నేను తలుపు కీళ్ళకు నూనె పోసే పని పెట్టుకున్నాను. వినిపించినది ఇది: "అవును. లేదు. అవును. మా నాన్నే. అవునండీ, ఆయనే. కాదు, సరదాకి కాదు. ఆయన మామూలుగానే అంత."

ఫలితం: కోచ్ ఆరో పేరును నవంబరు రెండో వారం దాకా ఖాళీగా ఉంచుతారు. ఆ లోగా స్కూలు పోటీలలో, గజాలలో కొలిచే కొలనులో, దూరం తక్కువ కనుక, మారెన్ ఒక నిమిషం నాలుగు సెకన్ల ఎనభై లోపు ఈదాలి. చివరి అవకాశం నవంబరు 8 నాటి సెక్షనల్, అంటే ప్రాంతీయ, పోటీ. టెక్సాస్ అమ్మాయి ఒకతె అదే ఆరో స్థానం మీద కన్నేసి ఉందట.

మారెన్ రోజుకు రెండు వందల మలుపులు సాధన చేస్తోంది. గోడ దగ్గరకు వచ్చినప్పుడు చేతులు సమంగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి రవ్వంత ఆగుతోంది. నేను గడియారంతో కొలిచాను. మలుపుకు సెకనులో మూడు పదో వంతులు నష్టం. నూరు గజాలకు మూడు మలుపులు. మొత్తం తొమ్మిది పదో వంతులు. అంత మందగిస్తే ఆల్డెన్‌బరీ దక్కదు.

"ఆగకు, వచ్చిన వేగంతో తిరుగు" అని చెప్పాను.

"మళ్ళీ ఎడమది ముందు పడితే?" అంది.

నేను గడియారాన్ని మళ్ళీ సున్నాకు తిప్పాను.

లైల్ థియోడోర్ ఎంగెబ్రెట్‌సన్


సుపీరియర్ సరస్సు
ఆగస్టు 24

లైల్,

నీ దగ్గర ఒకటి దాచాను. మారెన్ నాకు జూలై నుంచి ఉత్తరాలు రాస్తోంది. నీకు చూపించొద్దంది. చూపించట్లేదు, రాస్తున్నాను. నీలాగే నేనూ నియమానికి కట్టుబడి ఉన్నానని గమనించు.

దాని మాటల్లోనే:

"అత్తా, నాకైతే రెండు చేతులూ కలిసే తగిలినట్టు అనిపించింది. కానీ నీళ్ళల్లో మనకేం తెలుస్తుంది? నాన్న చూశాడు. నాన్న చూడనిది చూశానని అనడు కదా. నా ఐదేళ్ళప్పుడు శాంటా నిజంగా ఉన్నాడా అనడిగితే 'ఇంతవరకు నాకు ఆధారాలు దొరకలేదు' అన్నాడు. అలాంటి మనిషి ఎడమదే అన్నాడంటే ఎడమదే. అందుకని నా చేతులకి ఏమనిపిస్తోందో పట్టించుకోవడం మానేశాను. చూసుకుంటున్నాను. చూసుకుంటుంటే లేటవుతోంది."

చదివాక ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. అవసరానికి మించి తరిగాను. ఆ రోజు నౌకలో అందరూ ఉల్లిపాయల కూరే తిన్నారు.

నిరుడు క్రిస్మస్ భోజనంలో నువ్వు మాకు ఈత నియమాల పుస్తకం పైకి చదివి వినిపించావు. హామ్ చల్లారిపోయింది. జోడీ బల్ల కింద నా కాలు తొక్కింది. నాకు గుర్తున్న లైను ఒక్కటే. జడ్జికి ఏ మాత్రం అనుమానం ఉన్నా చెయ్యి లేపకూడదు, అనుమానం ఎప్పుడూ ఈదేవాడి పక్షమే, అని. అది చదివినప్పుడు నీ గొంతు వణికింది. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళలో ఏడుస్తారు, మావాడు నియమాల పుస్తకం చదివి ఏడుస్తాడు అనుకున్నాను.

సరే, అడుగుతున్నాను. నువ్వు చూశావా?

రోండా


ఓష్‌కోష్
సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం 5 గంటల 52 నిమిషాల 30 సెకన్లు

ప్రియమైన అక్కకు,

ఆల్డెన్‌బరీ వెళ్ళి వచ్చాము. రానూ పోనూ రెండు వేల మూడు వందల పది మైళ్ళు.

మారెన్ జట్టు అమ్మాయిలతో రెండు రోజులు హాస్టల్లో ఉంది. తల్లిదండ్రులకు వేరే సమావేశం పెట్టారు. నేను ముందుగా రాసుకున్న ప్రశ్నలు పదకొండు. ఏడో ప్రశ్న దగ్గర, మాకు దారి చూపిస్తున్న విద్యార్థి ఎంతో మర్యాదగా "సర్, ఇంకెవరికైనా అవకాశం ఇద్దామా?" అన్నాడు. గదిలో ఉన్న మిగతా తండ్రులలో ఒకరు శస్త్రచికిత్స నిపుణుడు, ఒకరు న్యాయమూర్తి. కళాశాల మెట్లెక్కని నేను అందరికంటే ఎక్కువ ప్రశ్నలతో వచ్చానని అప్పుడు గమనించి, మిగిలిన నాలుగు ప్రశ్నల కాగితాలను సాక్సులో దాచుకున్నాను. జేబులు లేని ప్యాంటు వేసుకోవడం నా పొరపాటు.

కొలను గురించి: ఎనిమిది లేన్లు, నీలం పలకలు, గోడలు గరుకుగా ఉన్నాయి, చేతికి పట్టు దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో మారెన్ చాలాసేపు కిటికీ వైపు చూసి, ఎవరూ అడగకుండానే మాట్లాడింది.

"నాకు అక్కడికే వెళ్ళాలనుంది."

"ఎందుకు?" అంది జోడీ.

"అక్కడి అమ్మాయిలు నా టైము అడగలేదమ్మా. పొద్దున్న ఏం తింటావని అడిగారు. వాళ్ళ కోచ్ అయితే నేను ఈదుతున్నంతసేపూ గడియారం చూడలేదు. నన్నే చూసింది." మా వైపు తిరిగి, "జీవశాస్త్రం ల్యాబ్‌లో కప్పలున్నాయి. నేను కప్ప ఈత ఈదుతానంటే టీచర్ పడీపడీ నవ్వింది" అని తానూ నవ్వింది.

జూలై తర్వాత ఆమె మా వద్ద నవ్వడం అదే మొదటిసారి. కారు మైలురాళ్ళు లెక్కపెట్టే పనిని నేను ఆపేశాను.

స్కూలు పోటీలలో ఇంతవరకు ఆమె ఉత్తమ సమయం ఒక నిమిషం అయిదు సెకన్ల తొంభై. కావలసినది నాలుగు సెకన్ల ఎనభై. గోడ దగ్గర ఇంకా ఆగుతోంది.

నీ చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి ఈ కాగితంలో చోటు చాలదు.

లైల్ థియోడోర్ ఎంగెబ్రెట్‌సన్


మిషిగన్ సరస్సు
సెప్టెంబరు 28

లైల్,

కాగితం వెనక వైపంతా ఖాళీ. ముందు వైపు కూడా కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీ. గస్‌కి చూపిస్తే స్కేలు పెట్టి కొలిచి మరీ చెప్పాడు.

చూశావా, లేదా?

రోండా


ఓష్‌కోష్
అక్టోబరు 12

అక్కా,

చూడలేదు.

జూలై నుంచి ఈ మాటను ఎన్నో విధాలుగా రాసి చింపేశాను. ప్రతిసారీ అది ఒక పట్టికగా మారి, చివరికి నేనే సరైనవాడినని తేలేది. అందుకని ఇప్పుడు అంకెలు వేయడం లేదు.

నాలుగో అంశంలో డేల్ క్రూగర్ కూతురి సంగతి రాశాను. ఆ తర్వాత జరిగినది రాయలేదు. చెయ్యెత్తిన రెండు నిమిషాలకు డేల్ నా వెనక కంచె దగ్గరకు వచ్చి, నాకు వినబడాలనే, పక్కవాడితో అన్నాడు. "చూద్దాం, వచ్చేది ఆయనగారి పిల్లే. ఇప్పుడు లేస్తుందేమో ఆ చెయ్యి." పక్కవాడు నవ్వాడు. నేను వెనక్కి తిరగలేదు. నా మెడ మాత్రం వేడెక్కింది.

మారెన్ వచ్చింది. అంత వేగంగా ఆమె ఎప్పుడూ రాలేదు. అందుకే నీళ్ళు అంత ఎత్తుకు లేచాయి. నాకు కనిపించినది తెల్లటి నురుగు, అందులో ఒక భుజం. ఎడమ భుజం ఒక పిసరు ముందున్నట్టు అనిపించింది. భుజం ముందుంటే చేయి ముందు తాకి ఉండవచ్చు. తాకకపోయి ఉండవచ్చు. చేతులను నేను చూడలేదు. నా చేయి అప్పటికే పైన ఉంది.

ఇంకొకటి కూడా రాయలేదు. చెయ్యెత్తినప్పుడు ముఖ్య న్యాయనిర్ణేత వచ్చి ఏం చూశావని అడగాలి. ఆ రోజు వచ్చింది బెవ్. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి. "ఏం చూశావు లైల్?" అంది. చెప్పాను. చీటీ మీద సంతకం పెట్టకుండా నా ముఖంలోకి చూసి, మెల్లగా, "నిజంగా చూశావా?" అని మళ్ళీ అడిగింది. ఆమె నాకు తలుపు తెరిచి పట్టుకుంది, అక్కా. నేను చేయవలసినదల్లా "లేదు బెవ్, నీళ్ళు లేచాయి" అనడం. అప్పుడు చీటీ చింపేసేది. మారెన్‌కు ఆ సమయం దక్కేది.

నేను "స్పష్టంగా" అన్నాను. ఆ మాటను నన్నెవరూ అడగలేదు. ఉచితంగా ఇచ్చాను.

డేల్ కూతురికి నేను న్యాయమే చేశాను. నా కూతురికి మాత్రం, ఏ పిల్లకైనా దక్కవలసిన అనుమానపు మేలును దక్కనివ్వలేదు. కంచె అవతల నవ్విన ఇద్దరు మనుషుల ముందు నిజాయితీపరుడిగా నిలబడాలని. ఆ ఇద్దరూ అప్పటికే సాసేజ్‌లు తినడానికి వెళ్ళిపోయారు. నేను చెయ్యెత్తడాన్ని వాళ్ళు చూడనే లేదు.

గత వారం బెవ్ దగ్గరకు వెళ్ళి ఇదంతా చెప్పాను. ఫలితాలు మూసేశారు, మార్చడానికి లేదంది. తెల్ల చొక్కా ఇచ్చేస్తానన్నాను. "చొక్కా నాకెందుకు? నువ్వు చెప్పాల్సింది నాకా?" అంది.

మారెన్ నిన్న కూడా రెండు వందల మలుపులు తిరిగింది. నేను చూడని తప్పును దిద్దుకుంటోంది. చెబితే, తండ్రి మాటను ఆమె ఇక నమ్మదు. చెప్పకపోతే ఆల్డెన్‌బరీ పోతుంది. ఈ రెండింటినీ కాగితం మీద రెండు నిలువు వరుసలుగా రాశాను. రాయకుండా ఉండలేకపోయాను, క్షమించు.

లైల్


ఎరీ సరస్సు
అక్టోబరు 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

నిన్ను తిడదామని మూడు సార్లు మొదలుపెట్టాను. నా కంటే నువ్వే బాగా తిట్టుకున్నావు. కాబట్టి పనిలోకి వద్దాం.

ఆ రెండు వరుసల కాగితం పొయ్యిలో పెట్టు. దాని ఈత దానిది. ఆ గోడ దగ్గర దాని చేతులకి ఏమనిపించిందో అది నమ్మాలా వద్దా అన్నది అదే తేల్చుకోవాలి. నువ్వు అడ్డంగా నిలబడి ఉన్నావు, తప్పుకో. నిన్ను నమ్మకపోతే నమ్మదు. నానమ్మ నీతో పేకాట మానేసింది గాని నీ పుట్టినరోజుకి కేకు మాత్రం చేసి పంపేది కదా.

చెప్పేటప్పుడు పేజీలు పట్టుకెళ్ళకు. బొమ్మ గీయకు. "నిజానికి", "మరోవైపు" అనకు. మూడు వాక్యాలు చాలు. జోడీకి ముందు చెప్పి ఆవిడ చేత చెప్పించావో, వచ్చే నెల్లో నేను దిగి వచ్చి గరిటె పెట్టి కొడతాను.

రోండా


ఓష్‌కోష్
నవంబరు 12

అక్కా,

అక్టోబరు ఇరవై ఆరో తేదీన, సాధన అయ్యాక, పూల్ బయట కారులో చెప్పాను. మూడు వాక్యాలే. "నేను నీ చేతులు చూడలేదు. నీళ్ళు లేచాయి. నలుగురి ముందు గొప్పగా ఉండాలని చెయ్యెత్తాను."

మారెన్ తడి జుట్టు తుడుచుకోవడం ఆపింది.

"బెవ్ అడిగిందా నిన్ను?"

"అడిగింది."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"రెండు సార్లు" అంది. అద్దం వైపు చూస్తూ, నాకు కాదన్నట్టు, "జూలై, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్" అని వేళ్ళు ముడిచింది. తలుపు తీసి దిగింది. నడిచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. ఇల్లు నాలుగు మైళ్ళు. వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని "పోనివ్వండి" అంది.

అక్కా, "అండి" అంది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె వెనక సీట్లోనే కూర్చుంది. ఎర్ర దీపాల దగ్గర పక్క కార్లవాళ్ళు నన్ను కిరాయి డ్రైవర్ అనుకున్నారు. జోడీకి చెబితే మొదట ఒక పళ్ళెం నా వైపు రాబోయి ఆగింది. తర్వాత ఆమె ఎంత నవ్విందంటే ఆ నవ్వు మంచిదో చెడ్డదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

సెక్షనల్ పోటీ శనివారం. నన్ను పై వరుసలో, స్తంభం వెనక కూర్చోమన్నారు. నా చేతి గడియారాన్ని జోడీ తీసుకుంది. ఆ గోడ దగ్గర జడ్జిగా ఎవరో పొట్టి ఆవిడ ఉంది. నేను ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాను. మారెన్ ఆగలేదు. మూడు మలుపులలో ఎక్కడా ఆగలేదు. గోడను కొట్టినట్టు తాకి, వెనుదిరిగి వెళ్ళింది. ఆ చేయి మూడుసార్లూ కిందే ఉంది.

ఒక నిమిషం నాలుగు సెకన్ల ఎనభై ఆరు.

ఆరు వందో వంతులు ఎక్కువ. కనురెప్ప ఒకసారి వాల్చేలోపు అలాంటివి అయిదు పడతాయి. ఆ లెక్కను నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మారెన్ తానే కోచ్‌కు రాసి పంపేసింది. పంపాక, నా ముందు బల్ల మీద ఫోను పెట్టి చదవమంది. ఇంతే ఉంది: "నాలుగు ఎనభై ఆరు ఈదాను. మీరు అడిగినదానికంటే ఆరు ఎక్కువ. గడువులోపు ఇంకా తగ్గించలేను, ఫిబ్రవరికి తగ్గిస్తాను. నాకు మీ జట్టులోనే ఈదాలనుంది."

ఒక చోట కామా ఉండవలసింది. నోరు మూసుకున్నాను.

నిన్న కోచ్ హాలొరన్ గారి ఫోను వచ్చింది. గరాజ్‌లోనే మాట్లాడింది, ఈసారి తలుపు తెరిచే ఉంది. లోపలికి వచ్చి జోడీతో, నాకు వినబడేట్టు చెప్పింది.

"ఆ ఆరు వందో వంతులు ఆవిడ మోస్తుందట. టెక్సాస్ అమ్మాయి ఇంకెక్కడికో వెళ్తోందట. నా పేరు ఇస్తోంది. కాలేజీ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో డిసెంబర్‌లో తెలుస్తుంది." తర్వాత ఫ్రిజ్ వైపు తిరిగి, ఫ్రిజ్‌కి చెప్తున్నట్టుగా, "నాన్న గీసిన బొమ్మ ఆఫీసు గోడకి అంటించుకుందట. జట్టంతా చూసిందట. చచ్చాను నేను" అంది.

ఫ్రిజ్ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

లైల్


సూ సెయింట్ మరీ
నవంబరు 30

తమ్ముడూ,

పదిహేడో తేదీన మారెన్ ఉత్తరం వచ్చింది. అందులో ఏముందో ఈసారి నిజంగానే చెప్పను. ఒక్క ముక్క మాత్రం: "నాన్న నాకు చెప్పినప్పుడు కాగితం చూడలేదత్తా" అని రాసింది. దాని కింద రెండు గీతలు గీసింది.

గాలి బాగా వీస్తోంది. సూపు గిన్నెలు బల్లకి కట్టేసి వడ్డిస్తున్నాను. డిసెంబర్ కబురు తెలియగానే రాయి. గస్ రోజూ అడుగుతున్నాడు. "ఆ పిల్లకి సీటొచ్చిందా? వాళ్ళ నాన్నని ఇంకా ఇంట్లో ఉంచారా?" అని.

రోండా


ఓష్‌కోష్
డిసెంబరు 14

అక్కా,

వచ్చింది. శుక్రవారం సాయంత్రం, వంటగదిలో, మారెన్ ఫోనులో తెరిస్తే, జోడీ ఆమె భుజం మీదుగా చూసి చదివింది. ఇద్దరూ అరిచారు. నేను పక్క గదిలో బట్టలు మడత పెడుతూ, అరుపు ఏ రకమో తెలియక, ఒక తువ్వాలును నాలుగుసార్లు మడిచాను. మారెన్ వచ్చి "తీసుకున్నారు నాన్నా" అని చెప్పి, ఫోను చూపించి, మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఇంకా ఉంచారని గస్‌కు చెప్పు.

అయితే నీకు రాయాలనుకున్నది ఇది కాదు.

నిన్న పొద్దున్న మారెన్ బూట్లు వేసుకుంటూ, "పూల్‌కి వెళ్తున్నా, వస్తావా?" అంది. ఏ పోటీ ఉందని అడిగాను. "ఏమీ లేదు. ఊరికే. మలుపులు చూద్దువుగాని" అంది. గడియారం తేనా అంటే వద్దంది. పెన్సిల్ తేనా అంటే నా వైపు ఒక చూపు చూసింది. తేలేదు.

కొలను దాదాపు ఖాళీ. ఒక ముసలాయన నెమ్మదిగా వెల్లకిలా తేలుతున్నాడు. మారెన్ దిగి, "పది చేస్తాను" అని వెళ్ళింది. నేను గోడ చివర నిలబడ్డాను, మామూలు చొక్కాతో. ఆమె పూర్తి వేగంతో వచ్చింది. ప్రతిసారీ నా బూట్లు తడిశాయి. పది అయ్యాక గోడ పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టి, రొప్పుతూ పైకి చూసింది.

"చెప్పు."

"ఏడు శుభ్రంగా ఉన్నాయి."

"తక్కినవి?"

"రెండింటిలో ఎడమ చేయి ముందు తాకింది. చూశాను. నాలుగోది, ఎనిమిదోది."

ఆమె ముఖం కొంచెం మారింది. అంటే జూలైలో కూడా కావచ్చన్నమాట. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.  ముసలాయన గోడ దాకా వచ్చి, తిరిగి వెళ్ళిపోయాడు.

"పదోది?" అంది.

ఆమె నా నోటి వైపు చూస్తోంది. నా మెడ మళ్ళీ వేడెక్కింది, అక్కా. నలభై ఆరేళ్ళ మనిషిని. ఇరవై రెండేళ్ళుగా రోజుకు నలభై బ్రేకులకు అవుననో కాదనో ముద్ర వేస్తున్నాను. నా పరికరాల పెట్టెలో మూడో ముద్ర లేదు.

"తెలీదు" అన్నాను. "నీళ్ళు లేచాయి. నాకు కనిపించలేదు."

మారెన్ కళ్ళద్దాలు మళ్ళీ కళ్ళ మీదకు లాక్కుంది.

"సరే. మళ్ళీ వస్తా. ఇంకాస్త దగ్గరికి రా" అని గోడను తన్ని వెళ్ళిపోయింది.

నేను తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, నీటి మీదకు వంగి కూర్చున్నాను.

లైల్